ఆంధ్రరత్న: అభినయదర్పణము, రామదండు

ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి (1889-1928) జీవితమును సాధారణముగా రెండు ఖండములుగా విభజించి చెప్పుదురు. ఎడింబరోలో ఎం.ఏ. పట్టమందిన పండితుడొకడు, చీరాల-పేరాల ప్రజలను నడపిన నాయకుడొకడు. ఈ విభాగము సౌకర్యమునకు తగినదే కాని సత్యమునకు సరిపడదని నా యభిప్రాయము.

1917లో ఆనంద కుమారస్వామితో కలసి వారు నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించిరి. అభినయము ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని చతుర్విధమని ఆ గ్రంథము చెప్పును. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశమున జనసమ్మర్దమును అదుపులో నుంచిన రామదండును ఈ దృష్టితో పరిశీలింపవలెను. కాషాయవస్త్రములు, రుద్రాక్షలు, కుంకుమబొట్టు ఆహార్యము; క్రమము తప్పని నడక ఆంగికము; నాయకుని పాటయు పద్యమును వాచికము. వారు శాస్త్రమును ముందిడుకొని దండును కూర్చిరని నేననుట లేదు. ఆ శాస్త్రమున పండిన మనస్సే ఈ దండును కల్పించినదని మాత్రమే నా వాదము.

ఇక సాత్త్వికమేది? అది లేనిచో తక్కిన మూడును వేషమాత్రములు. దాని పరీక్ష చీరాలలో జరిగెను. 1919లో ఏర్పడిన పురపాలక సంఘము వలన పన్నులు పలురెట్లు పెరిగెను. 1921లో వేలాది ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి పొలిమేర దాటి, రామనగరమున పాకలలో నెలల తరబడి నివసించిరి. నాటకమును చూచు ప్రేక్షకుడు తన యిల్లు విడువడు. ఇచట ప్రేక్షకులే పాత్రధారులైరి, సాత్త్వికము వారిది.

ఉద్యమము విఫలమైనది గావున ఇదంతయు ఆడంబరమే యని కొందరాక్షేపింపవచ్చును. బరంపురమున నిర్బంధితులై గోపాలకృష్ణయ్యగారు ఏడాది కారాగారమున నుండగా, ధనాభావమున ప్రజలు క్రమముగా తిరిగి వచ్చిరి. పురపాలక సంఘము నిలిచెను. ఈ వైఫల్యమును దాచుట విమర్శకుని ధర్మము కాదు. కాని లోపము అభినయములో లేదు. సూత్రధారుడొక్కడే యగుటయే లోపము. అతనిని రంగము నుండి తొలగించిన పిదప ఆ స్థానమున నిలువదగిన రెండవవాడు సిద్ధపడి యుండలేదు. పాట ప్రజలను కూర్చగలదు. కూడిన ప్రజలకు కూడును నీడను సమకూర్చుటకు వేరొక నిర్మాణము కావలెను.

నేడు వారి చాటువులు మాత్రమే లోకమున మిగిలినవి. చమత్కారి యను కీర్తి క్రింద ఆలోచనాపరుడు మరుగున పడినాడు. అభినయదర్పణమును సాహిత్యచరిత్రకు, రామనగరమును దేశచరిత్రకు పంచియిచ్చి తృప్తిపడుట పరిశోధకులకు తగదు. రెంటిని ఒకేచోట చదివిననే ఆంధ్రరత్నము సమగ్రముగా గోచరించును.