ఎదురెదురు పుటల నడుమ: నగరి సరిహద్దులో ద్విభాషా బోధన – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగునాట విద్యా విధాన చర్చలో 'ద్విభాషా బోధన' అన్న మాట ఇటీవల తరచుగా వినిపిస్తున్నది. ఈ చర్చలో రెండు భాషలంటే తెలుగు, ఇంగ్లీషు అన్న అర్థమే స్థిరపడింది. తెలుగు పిల్లలందరికీ ఇంటి భాష అనీ, ఇంగ్లీషు అందరికీ సమానంగా కొత్త భాష అనీ ఒక ఊహ ఈ నిర్వచనం వెనుక ఉంది. చిత్తూరు సీమ అంచున, తమిళనాడును ఆనుకొని ఉన్న నగరి వంటి చోట ఈ ఊహ నిలవదు. అక్కడి పిల్లల భాషా స్థితి ఆధారంగా ప్రస్తుత ద్విభాషా విధానాన్ని పరీక్షించడం, ఈ విషయంలో చిత్తూరు జిల్లా కథాసాహిత్యం ఇచ్చే సాక్ష్యాన్ని విలువ కట్టడం ఈ వ్యాసం ఉద్దేశం.

సరిహద్దు ఏర్పడిన తీరు

1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా మొదటి నుంచీ బహుభాషా ప్రాంతం. భాషాప్రయుక్త రాష్ట్రాల కాలంలో తిరుపతి, తిరుత్తణి ఏ రాష్ట్రానికి చెందాలన్న వివాదం తీవ్రమైంది. తమిళుల పక్షాన మ.పొ. శివజ్ఞానం నాయకత్వంలో ఉద్యమం సాగింది. పటాస్కర్ మధ్యవర్తిత్వం తరువాత 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. తిరుత్తణి తాలూకాలో అధిక భాగం మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. నగరి ఆంధ్రలో నిలిచింది. రేణిగుంట–అరక్కోణం రైలు మార్గం మీద నగరికి స్టేషనైన ఏకాంబరకుప్పానికీ తిరుత్తణికీ మధ్య దూరం స్వల్పమే. ఆ స్వల్ప దూరంలో బడి భాష మారిపోయింది. పెళ్ళి సంబంధాలు, సంతలు, మగ్గాల పని మాత్రం గీతను పట్టించుకోలేదు.

ఫలితంగా గీతకు రెండు వైపులా అల్పసంఖ్యాక భాషల పిల్లలు మిగిలారు. 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 350ఎ అధికరణం ఇటువంటి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన వసతులు కల్పించాలని చెప్పింది. ఆచరణ మరొక దారిలో నడిచింది. తమిళనాడు 2006లో తమిళ అభ్యసన చట్టం చేసి, తమిళాన్ని ఒకటో తరగతి నుంచి ఏటా ఒక తరగతి చొప్పున పదో తరగతి దాకా నిర్బంధం చేసింది. అక్కడి తెలుగు పిల్లలు మినహాయింపు కోసం న్యాయస్థానాలను ఆశ్రయించవలసి వచ్చింది. ఈ చట్టాన్ని తెలుగువారు విమర్శించడం న్యాయమే. అయితే అదే కొలతను ఇవతలి గట్టున, ఇంట తమిళం మాట్లాడే నగరి పిల్లల విషయంలోనూ వాడినప్పుడే ఆ విమర్శకు నైతిక బలం చేకూరుతుంది.

అద్దం పుస్తకం: ఒక పఠనం

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో 81వ నంబరు ఉత్తర్వు ద్వారా ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రకటించింది. తప్పనిసరి పాఠ్యాంశాలుగా ఆ ఉత్తర్వు పేర్కొన్నవి తెలుగు, ఉర్దూ. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఈ ఉత్తర్వును కొట్టివేసింది. మాధ్యమాన్ని ఎంచుకునే హక్కు ఆ తీర్పులో ప్రధానాంశం. 2020–21 నుంచి క్రమంగా ద్విభాషా పాఠ్యపుస్తకాలు బడులకు చేరాయి. వీటిలో ఒక పుటలో ఇంగ్లీషు పాఠం, ఎదుటి పుటలో అదే పాఠం తెలుగులో ఉంటుంది.

ఈ పుస్తకానికి ఒక మేలైన గుణం ఉంది. ఇంగ్లీషు పుటలో ఆగిపోయిన విద్యార్థికి తెలుగు పుట ఆసరా అవుతుంది. ఇంగ్లీషులో తగినంత పట్టు లేని ఉపాధ్యాయునికి కూడా అది ఉపకరిస్తుంది. ఈ ప్రయోజనాన్ని కాదనలేం. కానీ ఎదురెదురు పుటలను సమానార్థకాలుగా నిలిపే ఈ ఏర్పాటు, తెలుగు పుట పిల్లవానికి ముందే తెలిసిన భాషలో ఉందని భావిస్తుంది. చిత్తూరు పల్లెల్లో 'చెనిక్కాయ' అనే పంట పుస్తకంలో 'వేరుశనగ' అవుతుంది, ఎదుటి పుటలో 'గ్రౌండ్‌నట్' అవుతుంది. ఇంట 'వేర్‌కడలై' అనే తమిళ పిల్లకు రెండు పుటలూ కొత్తవే. 'ఉర్లగడ్డ', 'గెనుసుగడ్డ' వంటి మాటల స్థితి కూడా ఇంతే. పిల్లకు వస్తువు తెలుసు, మాట తెలుసు. పుస్తకంలో మాత్రం ఆ మాట లేదు. అద్దంలో ఆమెకు కనిపించేది తన ముఖం కాదు.

పారిభాషిక పదాల దగ్గర ఈ దూరం ఇంకా పెరుగుతుంది. నగరి, పుత్తూరు ప్రాంతాల్లో మరమగ్గాలు అనేక కుటుంబాలకు జీవనాధారం. పడుగు, పేక, కండె అనే మాటలు ఆ ఇళ్ళలో అక్షరాలు రాకముందే వస్తాయి. వస్త్రాల తయారీ పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు తరగతిలో అందరికంటే ఎక్కువ తెలిసిన వ్యక్తి మగ్గం ఇంటి పిల్లే. ఆ జ్ఞానానికి చోటివ్వని ద్విభాషా పుస్తకం రెండు మాధ్యమాలను పక్కపక్కన అచ్చువేసినదే అవుతుంది. పిల్లలోని రెండు భాషలను అది కలపలేదు.

ప్రపంచానుభవం: అన్వయ పరిమితులు

ద్విభాషా బోధనకు అనుకూలంగా తరచుగా ఉదహరించే ప్రయోగం కెనడాలోనిది. 1965లో మాంట్రియల్ సమీపంలోని సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు కుటుంబాల పిల్లలకు ఫ్రెంచిలో బోధన మొదలైంది. పిల్లలు ఫ్రెంచి నేర్చారు, ఇంగ్లీషు కోల్పోలేదు. దీనిని చూపి, పరభాషలో చదివితే నష్టం లేదని వాదించేవారున్నారు. ఈ అన్వయం సరికాదు. అక్కడి పిల్లల ఇంటి భాషకు సమాజంలో అధికారం ఉంది. అది ఎక్కడికీ పోదు. ఈ ప్రయోగాన్ని అధ్యయనం చేసిన వాలెస్ లాంబర్ట్ ఉన్న భాషకు మరొకటి కూడే ద్విభాషితనూ, ఉన్న భాషను తీసివేసే ద్విభాషితనూ వేరు చేసి చూపడం గమనార్హం. మొదటి భాషలో గట్టిపడిన ఆలోచనా సామర్థ్యం రెండవ భాషకు బదిలీ అవుతుందన్న జిమ్ కమిన్స్ సిద్ధాంతం కూడా మొదటి భాష గట్టిపడడాన్నే షరతుగా పెడుతుంది.

సింగపూర్ మరొక పాఠం చెబుతుంది. అక్కడ ఇంగ్లీషుతో పాటు మాతృభాష తప్పనిసరి. కానీ ఆ 'మాతృభాష'ను నిర్ణయించేది రాజ్యం. భారతీయులకు మొదట తమిళం, తరువాత హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ ఆ గడిలోకి చేరాయి. తెలుగు చేరలేదు. సింగపూరు తెలుగు పిల్లవాడూ నగరి తమిళ పిల్లవాడూ ఒకే లెక్కతప్పుకు లోనైనవారు. పట్టికలో లేని భాష విధానం దృష్టిలో భాషే కాదు.

దూరం వెళ్ళకుండానే మరొక నమూనా ఉంది. గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని వాచకాలు సిద్ధం చేశారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన ఆరంభించింది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు బహుభాషా బోధనకూ ఆద్యుడు కావడం యాదృచ్ఛికం కాదు. పిల్లవాని నోటి మాటను బడి అంగీకరించాలన్న సూత్రమే రెండింటికీ మూలం. ఆ ఉద్యమం గెలిచిన తరువాత వాచకాల్లో స్థిరపడింది మాత్రం ప్రధానంగా కోస్తా విద్యావంతుల శిష్ట వ్యవహారం. సరిహద్దు సీమల మాట మళ్ళీ గుమ్మం బయటే ఉండిపోయింది.

సాహిత్య సాక్ష్యం

ఈ లోటును చిత్తూరు జిల్లా కథకులు ముందే గుర్తించారు. స్వయంగా ఉపాధ్యాయుడైన మధురాంతకం రాజారాం గ్రామ జీవితాన్ని నిశితంగా చిత్రించినా కథనానికి శిష్ట వ్యావహారికాన్ని ఎంచుకున్నారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథనాన్ని సైతం పిల్లవాని మాండలికానికి అప్పగించారు. 'సినబ్బ కతలు', 'మిట్టూరోడి కతలు' ఆ భాషలో హాస్యం, దుఃఖం, లోకజ్ఞానం అన్నీ పలుకుతాయని నిరూపించాయి. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' పులికాట్ సరస్సు తీరపు తెలుగును కథాభాషగా నిలబెట్టి, సరిహద్దు తెలుగు పదసంపదను పాఠకుల ముందుంచాయి.

అయితే ఈ రచనలను విమర్శకులు చాలావరకు 'మట్టివాసన' అన్న మెచ్చుకోలుతో సరిపెట్టారు. మాండలికాన్ని జ్ఞాపకానికీ అనురాగానికీ తగిన భాషగా గుర్తించి, జ్ఞానానికి తగిన భాషగా గుర్తించకపోవడం ఈ మెచ్చుకోలులోని లోపం. నామిని 'పిల్లల భాషలో ఆల్జీబ్రా' రాయడం ఈ సందర్భంలో విశేష ప్రాధాన్యం కలది. కథకు పనికివచ్చిన నుడి గణితానికీ పనికివస్తుందన్న వాదాన్ని అది ఆచరణలో పెట్టింది. సాహిత్య విమర్శ దీనిని రచయిత ఇతర వ్యాపకంగా పక్కన పెట్టకుండా, ఆయన భాషాదృష్టికి సహజమైన ముగింపుగా చదవవలసి ఉంది.

ఒక ఆక్షేపణ

మాండలికం, మాతృభాష అంటూ పేద పిల్లలను ఇంగ్లీషుకు దూరం చేస్తున్నారన్న ఆక్షేపణ బలమైనది. కంచ ఐలయ్య వంటివారు దళిత, బహుజన దృష్టితో ఈ ప్రశ్న వేశారు. తమ పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపుతూ ఇతరులకు తెలుగును ఉపదేశించే వర్గానికి దీనికి నేరుగా జవాబు లేదు. ఇంగ్లీషు ఉపాధికి, గౌరవానికి దారి అన్నది అనుభవ సత్యం. ఇంగ్లీషు కావాలా అక్కరలేదా అన్నది ఇప్పుడు ప్రశ్న కాదు. దానిని ఏ పునాది మీద నిలపాలన్నది ప్రశ్న. చెనిక్కాయ తెలిసిన పిల్లకు ఆ మాట మీదుగా వేరుశనగను, దాని మీదుగా గ్రౌండ్‌నట్‌ను నేర్పితే మూడూ మిగులుతాయి. మొదటిదాన్ని చెరిపి మూడవదానితో మొదలుపెడితే కంఠస్థం మాత్రమే మిగులుతుంది. ఆ నష్టం మొదట తగిలేది ఇంట చదువు చెప్పేవారు లేని పిల్లలకే.

ముగింపు

నగరి పిల్లలకు ద్విభాషిత బడి ఇచ్చే వరం కాదు, వాళ్ళు బడికి తెచ్చే ఆస్తి. ప్రస్తుత విధానం దానిని లెక్కలోకి తీసుకోలేదు. చేరిక సమయంలోనే ఇంటి భాషను నమోదు చేయడం, తొలి తరగతుల్లో తమిళం తెలిసిన ఉపాధ్యాయులను సరిహద్దు బడులకు కేటాయించడం, ద్విభాషా పుస్తకానికి స్థానిక పదపట్టికను జోడించడం కనీస చర్యలు. చివరిది తెలుగు శాఖల పరిధిలోనిదే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. నగరి పొలాల్లో, మగ్గాల దగ్గర వినిపించే మాటలకు శాస్త్రీయమైన ఆధారం అర్ధశతాబ్దంగా గ్రంథాలయాల్లో ఉంది. దానిని పరిశోధకుని బల్ల మీది నుంచి ఒకటో తరగతి వాచకం దాకా చేర్చడం ఈ తరం తెలుగు పరిశోధన ముందున్న పని.