అంకితం ఎవరికి, పోషణ ఎవరిది?

కావ్యాన్ని దైవానికి అంకితమిస్తే కవి రాజాశ్రయాన్ని కాదన్నట్లేనన్న అభిప్రాయం తిక్కన విషయంలో నిలవదు. నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికి అంకితమిచ్చిన ఆయన, విరాటపర్వం మొదలుకొని 15 పర్వాల భారతాన్ని హరిహరనాథునికి సమర్పించాడు. హరిహరాద్వైతం దీనికొక సమాధానం. కాని అంతటి బృహద్రచనకు కావలసిన తీరిక, తాళపత్రాలు, లేఖకులు ఎక్కడివి? హరిహరనాథుడు అగ్రహారాలిచ్చేవాడు కాడు గదా! నెల్లూరు కొలువులోని మంత్రిపదవే అందుకు ఆధారమై ఉండాలి. నన్నయకు ప్రేరకుడు, పోషకుడు, కృతిభర్త ఒక్క రాజరాజ నరేంద్రుడే; తిక్కన నాటికి ఈ పాత్రలు విడిపోయాయి. అయినా విరాటపర్వ అవతారికలో తండ్రి కొమ్మన కలలో కనబడటం, ఆపై హరిహరనాథుడు స్వయంగా కృతిని కోరడం గమనింపదగినవి. రాజు కొలువుకు పిలిచి కావ్యమడిగే పద్ధతే ఇక్కడ స్వప్నంలోకి మారింది. పోషణ సంగతి మాత్రం ఆ స్వప్నంలో లేదు.