ఫార్మాట్ కొట్టే ముందు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే చాలావరకు ఎనిమిదో తరానిదై ఉండాలి. పదేళ్ల కిందట కొన్న ల్యాప్‌టాప్‌కు అవి ఉండవు. కీబోర్డు బాగానే ఉంటుంది, తెర వెలుగుతూనే ఉంటుంది, అయినా దాన్ని పనికిరానిదంటారు. హైదరాబాద్ పాతబస్తీలో ఆ మాటకు అంత విలువ లేదు. పురానాపూల్ దగ్గర గురువారం గురువారం సాగే జుమేరాత్ బజార్‌లో ఒకరు వద్దనుకున్న సామాను ఇంకొకరి ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌తో ఓఎస్ ఎక్కించడం కూడా ఆ కోవకు చెందిన పనితనమే. అందులోని నేర్పంతా ఫార్మాట్ కొట్టడానికి ముందే ఉందని నా గట్టి నమ్మకం.

మొదట అడగాల్సింది: లోపల ఏమున్నాయి? ఛత్తాబజార్ సంగతే తీసుకోండి. పెళ్లి కార్డులకూ, ఉర్దూను అందంగా చేత్తో రాసే ఖుష్‌నవీసులకూ పేరుపడ్డ పాతబస్తీ వీధి అది. 1990ల్లో ఉర్దూ అక్షరాలు కూర్చే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక కలంపని చాలావరకు కంప్యూటర్‌కు మారింది. అక్కడి ప్రెస్సులో ఒక పాత యంత్రం ఉందంటే, అందులో ఏళ్లనాటి కార్డుల నమూనాలుంటాయి. డెస్క్‌టాప్ మీది ఫోల్డర్లు కాపీ చేస్తే సరిపోదు. ఫాంట్లు, డౌన్‌లోడ్లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, ట్యాలీ లెక్కలు, అన్నీ బయటి డిస్కులోకి తీయాలి. తీసినవి ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయో లేదో చూడాలి. బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ ముందే రాసుకోవాలి. అది లేకుంటే ఆ డిస్కులోని సమాచారం ఎవరి చేతికీ రాదు.

తర్వాత పెన్‌డ్రైవ్. ఓఎస్ ఉండే ఐఎస్ఓ ఫైలును అందులోకి మామూలుగా కాపీ చేస్తే యంత్రం దాన్నుంచి లేవదు. రూఫస్ లాంటి పనిముట్టుతో, లినక్స్‌కైతే బలేనా ఎచర్‌తోనైనా రాయాలి. అప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవన్నీ పోతాయి. విండోస్‌కు కనీసం 8 జీబీది కావాలి. ఐఎస్ఓను తయారుచేసినవారి సైటు నుంచే దించుకుని, అక్కడ ఇచ్చిన ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యతో సరిపోల్చాలి. చేతులు మారి వచ్చిన 'క్రాక్' కాపీని నేను ఎవరికీ వేయమనను. బ్యాంకు పాస్‌వర్డు కొట్టే యంత్రంలో ఎవరో తెలియనివాళ్ల ప్రోగ్రాం ఉండకూడదు.

ఆన్ చేసిన వెంటనే డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. లినక్స్ అయితే వెంటనే ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండు, కెమెరా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. నాకు ఎంతో ఇష్టమైన సదుపాయం ఇది. డిస్కు ఎంచుకునే తెర దగ్గర మాత్రం నిదానించాలి. 16 జీబీ పెన్‌డ్రైవ్ అక్కడ 14.9గా కనిపించవచ్చు, పేరు చూసి కాకుండా సైజు చూసి గుర్తుపట్టాలి. బ్యాకప్ డిస్కును అప్పటికే ఊడదీసి పక్కన పెట్టాలి. వైఫై డ్రైవర్ దొరక్కపోతే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ పెడితే నెట్ వచ్చేస్తుంది.

ఏ ఓఎస్ అన్నది చేసే పనిని బట్టి ఉంటుంది. ఇన్‌పేజ్, ట్యాలీ మీద బతికే దుకాణాన్ని లినక్స్‌కు మారమనడం న్యాయం కాదు. చదువుకునే పిల్లలకైతే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటిది 4 జీబీ ర్యామ్‌లో హాయిగా నడుస్తుంది. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెడితే వేగంలో తేడా కళ్లకు కడుతుంది. హైదరాబాద్‌లోనే 2005లో మొదలైన 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో కనిపించే గ్నూ/లినక్స్‌ను తయారుచేసింది. మెనూలు మన భాషలో చదువుకోవచ్చని ఈ నగరంవాళ్లే చేసి చూపారు, దాన్ని మనం ఇంకా గట్టిగా వాడుకోవాలి.

పాత యంత్రాన్ని అమ్మేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. క్విక్ ఫార్మాట్ ఫైళ్ల జాబితాను కొత్తగా రాస్తుందే తప్ప హార్డ్‌డిస్క్‌లోని ఫొటోలు అలాగే ఉంటాయి, తెలిసినవారు వెలికితీయగలరు. బజారుకు వెళ్లే హార్డ్‌డిస్క్ మొత్తం మీద ఒకసారి సున్నాలు రాయించాలి.

యంత్రం తిరిగి ఇచ్చేటప్పుడు యజమాని చేతనే ఒక పాత ఫైలు తెరిపించాలి. పెళ్లి కార్డైతే ఒక ప్రింటు తీసి, ఉర్దూ నస్తలీఖ్ అక్షరాలు కుదురుగా వచ్చాయో లేదో ఆయన్నే చూడమనాలి. బ్యాకప్‌ను చెరిపే మాట ఆ తర్వాతే.