ఆవ పెట్టిన చెయ్యి

పనసపొట్టు కూరలో ఆవ ఎప్పుడు కలపాలన్న దగ్గర మా పెద్దమ్మ ఎవరి మాటా వినదు. కూర దించి పళ్లెంలో పరిచి, దాని మీద అరచెయ్యి ఆనించి చూస్తుంది. చుర్రుమంటే ఇంకా వేళ కానట్టు. గోరువెచ్చగా తగిలాకే ఆవముద్ద పెట్టి, పైన చెంచాడు పచ్చి నువ్వులనూనె వేసి కలుపుతుంది. అమలాపురం దగ్గర పల్లెలో వాళ్లమ్మ చేసిన పద్ధతి అదే. ఆ ముద్ద నూరే తీరు మాత్రం కోనసీమది కాదు, ఖరగ్‌పూర్‌ది.

పెదనాన్నగారిది రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. పెళ్లయి కాపురానికి వెళ్లింది ఖరగ్‌పూర్, ఆ తర్వాత బిలాస్‌పూర్, చివరికి వాల్తేరు. మ్యాపు మీద చూస్తే ఎక్కడెక్కడివో ఊళ్లు. ఆ రోజుల్లో మాత్రం మూడూ సౌత్ ఈస్టర్న్ రైల్వేలోవే. 2003 దాకా వాల్తేరు డివిజన్ కూడా అందులోదే. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచీ వర్క్‌షాపు పనికి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు ఖరగ్‌పూర్‌లో ఎందరో. 1,072 మీటర్ల ఆ స్టేషను ప్లాట్‌ఫారం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడుగైనదని పేరు. ఆవకాయ జాడీ చంకన పెట్టుకుని ఆ పొడుగంతా నడిచానని పెద్దమ్మ ఇప్పటికీ చెబుతుంది.

క్వార్టర్స్‌లో పక్కింటావిడ బెంగాలీ. వాళ్లింట్లో ఇలిష్ వండే రోజున వరండాలో కూర్చుని సన్నికల్లు మీద ఆవాలు నూరేది. ఇలిష్ అంటే మన పులసే. పెద్దమ్మ చేప ముట్టదు, అయినా పిట్టగోడ ఇవతల నుంచి ఆ చేతినే చూస్తూ నిలబడేదట. నానబెట్టిన ఆవాలతో పాటు పచ్చిమిరపకాయ, ఉప్పు వేసి, చన్నీళ్లు చిలకరిస్తూ నూరడం. అది కూడా మెత్తగా అవగానే ఆపేయడం. "ఉత్త ఆవాలు నూరితే చేదెక్కుతాయి" అని ఆవిడ చెప్పిందట. మా అమ్మమ్మ ఆవాలు పొడిగా దంచి, ఆ పూటకి చేదొస్తే ఆవాల మీదికి తోసేసేది.

అందులో మర్మం లేకపోలేదు. ఆవగింజలో ఘాటుకు మూలమైన పదార్థం ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైము ఇంకోచోట ఉంటాయి. గింజ నలిగి నీరు తగిలినప్పుడే రెండూ కలిసి ముక్కుకెక్కే ఆ ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఎంజైము పనిచెయ్యదు, పుట్టిన ఘాటు కూడా ఆవిరితో లేచిపోతుంది. కూరలో చింతపండు పులుపు ఉంటే అది కాసేపు నిలుస్తుంది. అమ్మమ్మ కూర చల్లార్చడమూ, బెంగాలీ ఆవిడ చన్నీళ్లు చల్లడమూ రెండూ ఒకే ఘాటును కాపాడే పనులు. ఒకటి చివర్లో చేసేది, ఒకటి మొదట్లో చేసేది. పెద్దమ్మ ఆ రెంటినీ ఒక కూరలోకి తెచ్చింది. ఆవిడ పనితనమంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది: పక్కింట్లో చూసిన వంటకాన్ని కాక, అందులోని ఒక్క మెలకువనే తెచ్చుకుంది.

ఏది తెచ్చుకోలేదో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. లేత పనసకాయను బెంగాలీలు ఎంచోర్ అంటారు. మాంసంలా మసాలా పట్టించి వండుతారు గనక 'చెట్టు మేక' అని ముద్దుపేరు కూడా. ఖరగ్‌పూర్ బజారులో కాయ దొరికిందని పెద్దమ్మ సంబరపడింది గానీ, గరం మసాలా దాని దగ్గరికి రానివ్వలేదు. ఆవనూనె కూడా అంతే. "ఆవముద్ద ఉండగా ఆవనూనె ఎందుకురా, ఇద్దరు కోడళ్లకి ఒకే చీర కట్టినట్టు" అంటుంది.

బీరకాయ పోస్తో మాత్రం చెక్కు చెదరకుండా ఎత్తుకొచ్చింది. గసగసాలు నానబెట్టి పచ్చిమిర్చితో నూరి, కాలోజీరే అని వాళ్లు పిలిచే నల్ల జీలకర్ర తిరగమోతలో బీరకాయ మగ్గించి, ఆ ముద్ద కలిపి రెండు నిమిషాల్లో దించేయడం. కరివేపాకు లేదు, ఇంగువ లేదు. మనింటి వంట కాదని నోట్లో పెట్టగానే తెలిసే తెల్లటి, మెత్తటి కూర. అందులో కరివేపాకు వేయమని మా అమ్మ పోరితే పెద్దమ్మ అన్న మాట: "దాని పాటికి దాన్ని ఉండనియ్యవే."

బిలాస్‌పూర్ నుంచి తెచ్చుకున్నది తక్కువ. అక్కడి బాసీ మన చద్దన్నమే, చీలా మన బియ్యప్పిండి అట్టుకు చుట్టమే. ఇక రసగుల్లా ఆవిడ చేత ఎన్నడూ కాలేదు. పిల్లలం వాటిని గోడకేసి కొట్టి ఆడుకున్నాం.

పెద్దమ్మ రాతపుస్తకం ఒక పాత రైల్వే డైరీ. పనసపొట్టు పేజీలో మూడు రంగుల సిరా ఉంటుంది. నీలంలో: "పొట్టు – రెండు సోలలు. ఆవ దించాక." నలుపులో, పక్కనే ఇరికించి: "మిర్చి, ఉప్పు వేసి నూరు. పొడి వద్దు." ఎరుపులో, వాల్తేరు వచ్చాక: "చింతపండు తగ్గించు, ఇక్కడిది పులుపెక్కువ." అమ్మమ్మ నోట వచ్చిన అసలు వాక్యాన్ని మాత్రం ఎక్కడా కొట్టెయ్యలేదు.

నిరుడు వేసవిలో హైదరాబాదులో ఆ కూర నేనే చేశాను. సన్నికల్లు లేదు గనక ఆవాలు మిక్సీలో వేశాను. తిప్పినకొద్దీ జారు వేడెక్కింది, ఆవ చేదెక్కింది. ఫోనులో చెబితే పెద్దమ్మ నవ్వలేదు. ఎంతసేపు తిప్పావు, ఏ నీళ్లు పోశావు అని అడిగి ఊరుకుంది. దసరాకి వెళ్లినప్పుడు డైరీ తెరిచి చూశాను. ఎరుపు గీతల కింద, వణికే చేత్తో ఆకుపచ్చ బాల్‌పెన్‌తో కొత్తగా రాసి ఉంది: "మిక్సీ అయితే ఐసు నీళ్లు. ఆపి ఆపి తిప్పు."