నాలుగు వాక్యాల పనితనం

"టికెట్‌ను అప్‌డేట్ చేస్తుంది." ఏఐ ఏజెంట్ చేతికిచ్చిన ఒక టూల్ వివరణ ఇది. టూల్ పేరు అప్‌డేట్ టికెట్. వివరణలోనూ ఆ పేరే, చివర ఒక క్రియ తగిలించారంతే. ఇలాంటిది కనబడితే నాకు ఒళ్ళు మండుతుంది. ముందు మంచి పనితనం ఎలా ఉంటుందో చూపించి, తర్వాత ఈ మంట సంగతి చెబుతాను.

ప్రాజెక్ట్ పనులకు చాలామంది వాడే జిరానే తీసుకోండి. స్టేటస్ మార్చడమంటే మనకు మౌస్‌తో ఒక లాగుడు. ఏఐ ఏజెంట్ వెళ్ళేది ఏపీఐ దారిలో. అక్కడ టికెట్‌ను ఎడిట్ చేసినంత మాత్రాన స్టేటస్ మారదు. ఆ టికెట్ ఇప్పుడున్న చోటినుంచి ఎటు కదలగలదో ముందు అడగాలి, వచ్చిన జాబితాలోంచి ఒక ట్రాన్సిషన్ నంబరు ఏరుకుని పంపాలి. పని ఒకరికి అప్పజెప్పాలన్నా పేరు చెబితే చాలదు, అకౌంట్ ఐడీ కావాలి. ఇవేవీ తెలియని ఏజెంట్ స్టేటస్ గడిలో 'డన్' అని కుక్కుతుంది, ఎర్రర్ తింటుంది, మళ్ళీ కుక్కుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు రాస్తే ఇలా ఉంటుంది:

"టికెట్ శీర్షిక, వివరణ, గడువు మార్చడానికి ఇది వాడాలి. స్టేటస్ మార్చడానికి వాడకూడదు, దానికి ట్రాన్సిషన్ టూల్ ఉంది. గడువు తేదీ 2025-06-05 రూపంలోనే ఇవ్వాలి. ఇవ్వని గడులు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి, ఖాళీగా ఇచ్చిన గడిలో పాతది చెరిగిపోతుంది."

నాలుగే వాక్యాలు! రెండోది చూడండి, 'ఇటు కాదు నాయనా' అని పక్క గుమ్మం చూపించింది. మూడోది లేకపోతే 05/06 మనకు జూన్ 5, అమెరికా వాళ్ళకు మే 6. ఇక నాలుగోది. అది రాసినవాళ్ళు ఎప్పుడో చెయ్యి కాల్చుకునే ఉంటారు, లేకపోతే ఆ వాక్యం తట్టదు.

ఇది నిన్నమొన్న పుట్టిన విద్య అనుకునేవారు బెల్ ల్యాబ్స్ వైపు చూడాలి. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల యూనిక్స్ మాన్యువల్ మొదటి కూర్పు మీద 1971 నవంబర్ 3 అని ఉంటుంది. కమాండ్ పేరు, వాడే తీరు, అది చేసే పని, చివర్లో 'బగ్స్' అని ఒక శీర్షిక. తమ సరుకులో లోపాన్ని తామే అచ్చులో పెట్టుకున్న ధీమా అది. కొత్త కూర్పు వస్తోందంటే, మరీ వికారంగా ఉన్నదాన్ని కాగితం మీద పెట్టడానికి మనసొప్పక ప్రోగ్రామునే సరిచేసేవారని అక్కడే పనిచేసిన డగ్ మెకిల్‌రాయ్ చెప్పారు. రాత పనిని దిద్దడమంటే అదీ!

ఈ తరంలోనూ మొనగాళ్ళున్నారు. 2024లో ప్రిన్స్‌టన్ వాళ్ళు ఎస్‌డబ్ల్యూఈ-ఏజెంట్ కట్టినప్పుడు ఫైలంతా ఏజెంట్ ముందు కుమ్మరించలేదు, ఒక్కో దఫాకు 100 లైన్లే చూపించారు. వెతుకులాటలో ఫలితాలు 50 దాటితే ఇంకాస్త విడమరిచి అడగమన్నారు. ఆంత్రోపిక్ వాళ్ళ ఏజెంట్ ఫోల్డరు మారగానే ఫైళ్ళ దారి తప్పేది. ఇకమీదట పూర్తి చిరునామానే ఇవ్వాలని టూల్‌లో షరతు పెట్టారు, తప్పులు ఆగిపోయాయి. మోడల్‌ను వాళ్ళు ముట్టుకోలేదు. టూల్ దిద్దారు, అంతే. అలాంటి చేతులకు దండం పెట్టాలి.

మరి మన దగ్గర? నేను పనిచేసిన ఒకచోట పాత టికెట్లు సర్దమని ఏజెంట్‌కు చెప్పారు. తెల్లారి స్టాండప్‌లో టెస్టింగ్ చూసే అమ్మాయి, "సార్, నా మూడు టికెట్లు ఏవి?" అంది. తల్లి టికెట్‌ను ఆర్కైవ్ చేస్తే కింద ఉన్న సబ్‌టాస్కులు కూడా పోతాయట, సగంలో ఉన్నవి సహా. "ఏఐకి బుద్ధి లేదు" అని అందరూ తేల్చేశారు. వివరణ తెరిచి చూస్తే, "టికెట్‌ను ఆర్కైవ్ చేస్తుంది." బుద్ధి ఎవరికి లేనట్టు?

2024 నవంబర్‌లో ఎంసీపీ అనే ప్రమాణం వచ్చాక ఏజెంట్‌కు టూల్ తగిలించడం సులువైంది, దాంతోపాటు నకిలీ సరుకూ పెరిగింది. ఏపీఐ స్పెక్‌ను ఒక స్క్రిప్ట్‌లో పడేసి రాత్రికి రాత్రి వంద టూల్స్ దింపుతారు. ఆ వివరణలన్నీ ఏజెంట్ కాంటెక్స్ట్‌లో చేరి టోకెన్లు తింటాయి. పోనీ కడుపు నిండుతుందా అంటే అదీ లేదు. ఇంకొందరు ఏఐ చేతే రాయిస్తారు. 'శక్తిమంతమైన', 'సమగ్రమైన' అని విశేషణాలు దొర్లుతాయి గానీ ఖాళీ గడి ఇస్తే ఏమవుతుందో ఒక్క ముక్క ఉండదు. ఆ ముక్క తెలిసినవాళ్ళు టెక్నికల్ రైటర్లు. నేను చూసినంతలో, ఖర్చు తగ్గించాలనగానే ముందు కత్తి పడింది వాళ్ళ మెడ మీదే. ఇందులో నేను పక్షపాతిని, ఒప్పుకుంటాను. ఏపీఐ కట్టినవారి కన్నా దాని గురించి సరిగ్గా రాసినవారే నాకు ఎక్కువ.

హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో టీం నడుపుతున్న తెలుగువారికి ఒక్క మనవి. మీ టూల్స్ వివరణలను కొత్తగా చేరిన కుర్రాడి చేతికివ్వండి. ఎవర్నీ అడక్కుండా, వాటినే చదువుకుని, ఒక టికెట్ తెరిచి, అప్పజెప్పి, మూయమనండి. వాడు ఎక్కడ ఆగి మీ ముఖం చూస్తాడో అక్కడ రాయాల్సిన వాక్యాన్ని ఆ సాయంత్రమే రాసేయండి.