సంతకానికి ముందు మెగ్గర్

ఖమ్మం జిల్లా వైరాలో కొత్త ఇంటి వైరింగ్ ఒకరు ఒప్పుకుంటారు, పైపులేసి వైర్లు లాగేది మరొకరి మనుషులు. లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలని, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చేయించాలని కేంద్ర విద్యుత్ అథారిటీ 2023 నిబంధనలు చెబుతాయి. కనెక్షన్ కోసం ఇచ్చే టెస్ట్ రిపోర్టు మీద సంతకం మాత్రం లైసెన్సుదారుదే. పరాయి చేతుల పనికి పూచీ పడే ఆ మనిషంటే నాకు గౌరవం. చూడకుండా గీకేసేవాడి సంగతి వేరే.

"మనోళ్లే చేశారు గదన్నా" అంటే పూచీ పడే ఆ లైసెన్సుదారు వినడు. మెయిన్ ఆపి, బల్బులు తీయించి, ఫేజూ న్యూట్రలూ కలిపి, వాటికీ ఎర్త్‌కీ మధ్య ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో 500 వోల్టులు ఒక నిమిషం పెడతాడు. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. ముల్లు సున్నా వైపు వాలిందా, గోడలో మేకు దిగిందో, పైపు మలుపులో వైరు తొడుగు గీసుకుపోయిందో! ఒక్కో సర్క్యూట్ విడదీసి వెతకాల్సిందే.

తర్వాత స్విచ్చులు. న్యూట్రల్‌కి స్విచ్ పెట్టినా లైటు మామూలుగానే వెలుగుతుంది, ఆరుతుంది. ఇంటివాళ్లకు తేడా తెలియదు. బల్బు మార్చడానికి స్టూలెక్కినవాడి చేతికి తెలుస్తుంది. అందుకే మెయిన్ వేసి, స్విచ్ కట్టేసి ప్రతి హోల్డర్‌లోనూ టెస్టర్ పెడతాడు.

ఖమ్మం ఎండలకు నేల ఎండితే ఎర్త్ రీడింగ్ పెరుగుతుంది. కొలిచిన తేదీ రాసి, "వేసవిలో గుంతలో నీళ్లు పోయండమ్మా" అని చెప్పి వెళతాడు. ఇంత పనికీ ఒప్పందంలో విడిగా రూపాయి రాయరు చాలాచోట్ల.