కలలోని ద్వీపము: పాత ఆట, క్రొత్త ఆట

ఒక కథను మరల చెప్పువానికి రెండు అపాయములు కలవు. ఉన్నదున్నట్లు చెప్పినచో, మరల చెప్పుట యెందుకని వినువారు అడుగుదురు. తోచినట్లు మార్చినచో, ఇది మా కథ కాదందురు. నన్నయ భారతమును తెలుగున చెప్పిననాటినుండియు మనకు ఈ చిక్కు తెలిసినదే. పిల్లలు చేతబట్టి ఆడు వీడియో గేములకును ఇప్పుడీ ప్రశ్న వచ్చినది. తెలుగునాటికి వెలుపల పెరుగుచున్న మన బిడ్డల చేతులలోను అవి యున్నవి గనుక, వ్యర్థకాలక్షేపమని త్రోసివేయక, వానిని కృతులుగా పరిశీలించుట ఉచితమని మేము తలంచుచున్నాము.

జపానుకు చెందిన నింటెండో సంస్థ 1993లో గేమ్ బాయ్ అను చిన్న యంత్రమునకై 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: లింక్స్ అవేకనింగ్' అను ఆటను వెలువరించెను. ఆ యంత్రపు తెరపై అడ్డముగా 160, నిలువుగా 144 చుక్కలు మాత్రమే యుండెను, ఛాయలు నాలుగే. 1998లో రంగులు చేర్చిన 'డిఎక్స్' రూపము వచ్చెను. 2019లో గ్రెజ్జో సంస్థ దానిని నింటెండో స్విచ్‌కై సమూలముగా పునర్నిర్మించెను.

కథ చిన్నది. ఓడ పగిలి, లింక్ అను వీరుడు కోహోలింట్ ద్వీపమునకు కొట్టుకొనివచ్చును. ఎనిమిది వాద్యములను సంపాదించి, కొండమీది గ్రుడ్డులో నిద్రించు మహామత్స్యమును మేల్కొలిపిన గాని అతనికి విముక్తి లేదు. కాని ఆ ద్వీపమే మత్స్యము కనుచున్న కల. అది మేల్కొనినచో, పాటలు పాడు మారిన్ అను బాలికతో సహా సర్వమును మాయమగును. గెలుపే ఇచట నష్టము; ఆ నష్టమును ఆడువాని చేతనే చేయించుట ఈ కృతి ప్రాణము.

పునర్నిర్మాతలు ఈ ప్రాణమును చెడనీయలేదు. పాత యంత్రమునకు ఆడు మీటలు రెండే యగుటచే, కత్తిని, డాలును, ఇతర సాధనములను మాటిమాటికి మార్చుకొనవలసియుండెను. క్రొత్త రూపమున కత్తికి, డాలునకు వేర్వేరు మీటలు కలవు. ఇది నిజమైన మేలు. మట్టిబొమ్మలవలె మెరయు ఆకృతులు కలకు తగియున్నవి. అయినను, పాత బూడిదరంగు తెరలోని ఒంటరితనము ఈ మెరుపులో కొంత తగ్గినది. ఆరుబయట తిరుగునపుడు దృశ్యము అప్పుడప్పుడు తడబడుచున్నది. గదులను పేర్చి గుహలు కట్టుకొను క్రొత్త భాగము కథకు అంటక వేరుగా నిలిచినది.

అదే బొమ్మల తీరున 2024లో 'ఎకోస్ ఆఫ్ విజ్డమ్' వచ్చెను. ఇది పునర్నిర్మాణము కాదు, క్రొత్త కృతి. దర్శకురాలు టొమోమి సానో. ఇందు రాకుమారి జెల్డాయే కథానాయిక. ఆమె చూచిన వస్తువులకు ప్రతిరూపములను కల్పించును: మంచములు పేర్చి గోడలెక్కును, ఓడించిన భూతములచేతనే పోరు సాగించును. ఒక చిక్కునకు పది దారులుండుట ఇందలి సొగసు. కాని వందకు మించిన ప్రతిరూపములనుండి కావలసినదానిని వెదకుటకు పొడుగాటి వరుసను త్రిప్పవలసివచ్చుట విసుగు పుట్టించును.

కావున రెంటికిని ఒకే కొలత పనికిరాదు. క్రొత్త కృతిని, నీవు మమ్ము కొత్తగా ఏమి ఆలోచింపజేసితివని అడుగవలెను. ఈ ఆట అందులకు జవాబు చెప్పగలదు. పునర్నిర్మాణమును మాత్రము, నీవు దేనిని పోగొట్టలేదని అడుగవలెను. 2019నాటి ఆట కథలోని బాధను పోగొట్టలేదు. అందుచేత దానిని మేము మెచ్చుకొనుచున్నాము.

అయినను అది పాతదానికి బదులు కాజాలదు. 2023 ఫిబ్రవరిలో డిఎక్స్ రూపమును స్విచ్ ఆన్‌లైన్ సభ్యులకు అందుబాటులోనికి తెచ్చుట మంచిపని. మేము రెండు రూపములను ఒకే యంత్రముమీద ఆడిచూచితిమి; ఒకదానివలన రెండవదాని విలువ తెలిసినది. పిల్లలకు క్రొత్తదానిని కొనిపెట్టు పెద్దలు పాతదానిని ఒక గంటయైనను ఆడనిత్తురుగాక. మత్స్యము మేల్కొనిన వెనుక ద్వీపము నిలువదు. దానిని తొలుత చిత్రించిన ఆట మాత్రము నిలువవలెను.